జాకీ మీద బండి లేపుతుంటే పడిపోయింది: ఎక్కడ తప్పు చేశాను?

ఉప్పల్_ఎన్‌ఎస్ | ఆదివారం, సాయంత్రం 6:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేవాడినే, ఇవాళ రాయక తప్పలేదు.

బండి పల్సర్ ఎన్‌ఎస్ 200. మెయిన్ స్టాండ్ లేదు, సైడ్ స్టాండ్ ఒక్కటే. చైన్ కడిగి లూబ్ కొడదామని పొద్దున్నే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మొదలుపెట్టాను. పక్క ఫ్లాట్ అంకుల్ దగ్గర కారు జాకీ అడిగి తెచ్చాను, రాడ్డు తిప్పితే లేచే కత్తెర జాకీ. ఇంజిన్ కింద సైలెన్సర్ అడ్డం ఉంది కాబట్టి కుడివైపు ఫుట్‌రెస్ట్ పక్కన ఫ్రేమ్ కింద పెట్టాను. ఎడమవైపు సైడ్ స్టాండ్, కుడివైపు జాకీ, ముందు చక్రం. మూడు కాళ్ల పీటలాగా నిలబడుతుందని యూట్యూబ్‌లో చూశాను.

నిజంగానే వెనక చక్రం నేల వదిలింది. ఇంకాస్త ఎత్తు వస్తే బ్రష్ పెట్టడానికి వీలుగా ఉంటుందని రాడ్డు ఇంకో నాలుగు చుట్లు తిప్పాను. బండి అలా ముందుకు జరిగింది, సైడ్ స్టాండ్ మడుచుకుపోయింది, ఎడమవైపు పడిపోయింది. ఒక్క సెకను పట్టలేదు. క్లచ్ లివర్ వంగింది, అద్దం పగిలింది. నేను కుడివైపు కూర్చుని ఉన్నాను కాబట్టి బతికిపోయాను.

అర్థం కానిది ఒక్కటే. బండిని ఫస్ట్ గేర్‌లోనే ఉంచాను. మరి ఎలా జరిగింది?

---

స్ప్లెండర్_మాస్టారు | ఆదివారం, సాయంత్రం 6:40

ముందు నీకేం కాలేదు కదా నాయనా, అది చాలు. అద్దం ఎప్పుడైనా వస్తుంది.

గేర్ పట్టుకునేది వెనక చక్రాన్ని. ఆ వెనక చక్రాన్నే గాల్లోకి లేపావు. ఇక గేర్ దేన్ని పట్టుకుంటుంది? నేల మీద మిగిలింది ముందు చక్రం, దానికేమో బ్రేక్ వేసి లేదు. స్టిల్ట్ పార్కింగ్ నేల నీళ్లు పోవడానికి ఎటో ఒకవైపు వాలుగానే ఉంటుంది. బండి ఆ వాలుకు కదిలింది. సైడ్ స్టాండ్ ఎప్పుడూ వెనక్కి మడుచుకుంటుంది కాబట్టి బండి ముందుకు జరిగితే దానంతటదే మూసుకుపోతుంది. నువ్వు మూడు కాళ్లు అనుకున్నావు. అందులో ఒకటి చక్రం, ఒకటి మడత కాలు.

---

ఉప్పల్_ఎన్‌ఎస్ | ఆదివారం, సాయంత్రం 6:52

మాస్టారూ, ఇంత సింపుల్ విషయం నాకు తట్టలేదు. నేను బీటెక్ మెకానికల్. ఎవరికీ చెప్పకండి.

---

చక్రం_తిప్పేవాడు | ఆదివారం, రాత్రి 7:15

బ్రో, పద్ధతి తప్పు కాదు, చేసిన తీరు తప్పు. నేను నా ఎంటీ 15కి రెండేళ్లుగా ఇలాగే చేస్తున్నా. ముందు బ్రేక్ లివర్‌ని సైకిల్ ట్యూబ్ ముక్కతో గట్టిగా గ్రిప్‌కి కట్టేయాలి. ముందు చక్రానికి అటూ ఇటూ రెండు ఇటుకలు. అంతే, కదలదు. రెండు వేలు పెట్టి స్టాండ్ కొనక్కర్లేదు.

---

ఆటోనగర్_బాబాయ్ | ఆదివారం, రాత్రి 9:30

ఇప్పుడే షెడ్డు కట్టేసి వచ్చాను. బెజవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా ఇదే పని, కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను.

చక్రం తమ్ముడూ, బ్రేక్ కట్టమన్నావు చూడు, అది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. మిగతా దాంతో నాకు పేచీ ఉంది.

కత్తెర జాకీ కారు కోసం చేసింది. దాని తల మీద గాడి ఉంటుంది, అందులో కారు అంచు రేకు కూర్చుంటుంది. బైకు ఫ్రేమేమో గుండ్రటి గొట్టం. గాడి అంచు మీద గొట్టం నిలవదు, ఎటో ఒకవైపు జారాలనే చూస్తుంది. పైగా కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉంటుంది, జాకీ ఒక మూలను లేపితే చాలు. బైకు పక్కకి తనంతట తాను నిలబడలేదు. నువ్వు రాడ్డు తిప్పే ప్రతి చుట్టుకీ బండి పక్కకే ఊగుతుంది. అసలు బలం లేని వైపే ఊపుతున్నావన్నమాట.

పైన తుమ్మ చెక్క ముక్క పెట్టి, దానికి గొట్టం కూర్చునేలా ఉలితో గాడి కొట్టి, మీద పాత ట్యూబు రబ్బరు మేకులతో బిగిస్తే కొంత నయం. అయినా నేను కత్తెర జాకీ బైకుకి వాడను.

సీసా జాకీ, అదే హైడ్రాలిక్‌ది, దీని బాధ వేరు. దాని తల రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది, అంతే. పాతబడ్డాక సీలు దగ్గర ఆయిల్ ఊరి కొంచెం కొంచెంగా దిగుతుంది. నువ్వు చక్రం విప్పి బేరింగు కొట్టుకుంటూ ఉంటావు, అది నీకు తెలియకుండా దిగుతూ ఉంటుంది. ఏ జాకీ అయినా లేపడానికే. లేచాక బరువు చెక్క దిమ్మ మీదకో ఇనుప స్టాండ్ మీదకో దించేయాలి. మా షెడ్డులో జాకీ మీద నిలబెట్టిన బండి దగ్గరికి కుర్రాళ్లను పోనివ్వను.

ట్రాలీ జాకీ గురించి కూడా చెప్పాలి. దాని చెయ్యి పైకి లేచేటప్పుడు తిన్నగా లేవదు, వంపుగా లేస్తుంది. అందుకే దాని చక్రాలు కాస్త జరగాలి. టైల్స్ నేల మీద ఏ సందులోనో చక్రం ఇరుక్కుందనుకో, జాకీ జరగదు, బండిని లాగుతుంది. అలా పడిన బండ్లు రెండు మా దగ్గరికే వచ్చాయి. కింద మందపాటి ప్లైవుడ్ షీటు పరిస్తే చక్రాలు హాయిగా తిరుగుతాయి.

ఇంకో మాట. ఇంజిన్ కింద నేరుగా జాకీ పెట్టకండి. అక్కడుండేది అల్యూమినియం. ఆయిల్ దించే బోల్టు, జల్లెడ మూత అక్కడే ఉంటాయి. ఒక్క బోల్టు మీద బరువంతా పడితే కేసు పగులుతుంది, దానికి అయ్యే ఖర్చుతో పాత స్ప్లెండర్ వస్తుంది. కింద రెండు గొట్టాల ఫ్రేమ్ ఉన్న బండికి, రెండు గొట్టాలకీ అడ్డంగా పలక వేసి పలక కింద జాకీ పెట్టుకోవచ్చు. ఎన్‌ఎస్‌కి ఇంజిన్ కింద ఫ్రేమే లేదు, పక్కల నుంచి వేలాడుతుంది. దానికి కింద నుంచి జాకీ అనే ఆలోచనే మానుకో తమ్ముడూ.

ఇటుకల మాట. మట్టి ఇటుకలు చక్రానికి అడ్డం పెట్టుకోండి, పర్లేదు. బరువు కింద మాత్రం వద్దు. లోపల బోలుగా ఉండే సిమెంటు ఇటుకలు అసలే వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి.

---

డాలస్_గ్యారేజీ | సోమవారం, ఉదయం 5:20

బాబాయ్ గారూ, ట్రాలీ జాకీ సంగతి నాకూ అనుభవమే, ఇక్కడ మా గ్యారేజీలో. ఇక్కడ బైక్ లిఫ్ట్ టేబుల్ పెట్టుకున్నవాళ్లు కూడా హ్యాండిల్‌కి రెండు వైపులా రాచెట్ పట్టీలు కట్టి, ముందు ఫోర్కు, అదే ముందు చక్రం షాక్ అబ్జార్బర్లు, సగం అణిగేదాకా లాగి, ఆ తర్వాతే లేపుతారు. బరువు మోసేది టేబుల్, పక్కకి పడకుండా చూసేది పట్టీ.

---

చక్రం_తిప్పేవాడు | సోమవారం, ఉదయం 8:05

అమెరికాలో గ్యారేజీ, ఇక్కడ పార్కింగ్‌లో పిల్లర్ 14 పక్కన నాలుగడుగుల జాగా. పట్టీ దేనికి కట్టాలి, వాచ్‌మన్ నడుముకా?

---

సీలేరు_సీను | సోమవారం, ఉదయం 8:31

మా పాత ఇంట్లో హాల్లో ఉయ్యాల కొక్కేలు రెండున్నాయి, నేను వాటికే తాళ్లు కడతా. చిన్నప్పుడు నన్ను ఊపిన కొక్కేనికే ఇప్పుడు నా యూనికార్న్ వేలాడుతోంది.

---

స్లాబు_ఇంజినీరు | సోమవారం, ఉదయం 10:10

సీను గారూ, ఆ కొక్కెం స్లాబు పోసేటప్పుడే కడ్డీకి కట్టి వేసిందా, తర్వాత డ్రిల్ చేసి బిగించిందా? మొదటిదైతే బండి పక్కకి పడకుండా ఆపే తాడు కట్టుకోండి. బిగించినదైతే అది ఫ్యాన్‌కి చాలు, బండికి కాదు. ఏదైనా సరే, బండి మొత్తం బరువు దానికి వేలాడదీయకండి. యూనికార్న్ 140 కిలోల దాకా ఉంటుంది. ఊగుతున్న బరువు నిలకడగా ఉన్న బరువు కంటే ఎక్కువ లాగుతుంది. బయటికి తేలిన కొక్కేనికి తుప్పు పట్టిందేమో కూడా చూడండి.

---

సీలేరు_సీను | సోమవారం, ఉదయం 10:26

వేలాడటం అంటే మాట వరసకి అన్నా సార్. బరువు మెయిన్ స్టాండ్ మీదే. తాడు ఊరికే కాపలా. అయినా తుప్పు చూస్తాను, అది మా తాతగారు వేయించినది.

---

ఓరుగల్లు_క్లాసిక్ | సోమవారం, మధ్యాహ్నం 1:45

మెయిన్ స్టాండ్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. నా దగ్గర క్లాసిక్ 350 ఉంది, 195 కిలోలు. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. మెయిన్ స్టాండ్ వేయడానికి ప్రతిసారీ ఎవరో ఒక అన్నయ్యని పిలవాల్సి వస్తోంది. వచ్చిన ప్రతి అన్నయ్యా ‘మీకెందుకమ్మా ఇంత బండి’ అంటాడు. వాళ్లని పిలవకుండా వేసే దారి చెప్పండి.

---

ఆటోనగర్_బాబాయ్ | సోమవారం, మధ్యాహ్నం 2:20

అమ్మా, మెయిన్ స్టాండ్ చేతులతో వేసేది కాదు, కాలితో వేసేది. చాలామంది మగాళ్లు కూడా వెనక కడ్డీ పట్టుకుని పైకి లాగి నడుం పట్టించుకుంటారు.

ఎడమవైపు నిలబడు. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద, హ్యాండిల్ తిన్నగా. కుడి చెయ్యి సీటు పక్క పిడి మీద. బండిని నిటారుగా చెయ్యి. కుడి కాలితో స్టాండ్‌ని నేలకి నొక్కి, బండిని కొంచెం అటూ ఇటూ కదుపు. స్టాండ్ రెండు కాళ్లూ నేలకి తగిలినప్పుడు టక్కున ఆనినట్టు తెలుస్తుంది. అది తెలియకుండా బలం పెట్టకు, బండి పక్కకి ఒరుగుతుంది. రెండు కాళ్లూ ఆనాక నీ బరువంతా ఆ కుడి కాలి మీద వెయ్యి, మెట్టు ఎక్కుతున్నట్టు. కుడి చెయ్యి బండిని పైకి లాగదు, వెనక్కి నడిపిస్తుంది. అంతే.

ఇంకా కష్టమైతే ముక్కాలు అంగుళం ప్లైవుడ్ ముక్క ఒకటి తీసుకో, టైరు కంటే కాస్త వెడల్పుది. వెనక చక్రాన్ని దాని మీదకి ఎక్కించి అప్పుడు వెయ్యి. స్టాండ్ కాళ్లు మాత్రం నేల మీదే ఉండాలి. బండి ముందే ముక్కాలు అంగుళం లేచి ఉంది కాబట్టి నువ్వు లేపాల్సిన ఎత్తు ఆ మేరకు తగ్గుతుంది.

---

ఓరుగల్లు_క్లాసిక్ | సోమవారం, రాత్రి 8:50

బాబాయ్!! పడింది! ప్లైవుడ్ దొరకలేదు, అమ్మ పాత పీట చెక్క ఊడిపోయింది ఉంటే దాని మీద ఎక్కించా. మూడోసారికి లేచింది. టక్కున ఆనడం అన్నారు చూడండి, అది తెలిశాక మిగతాదంతా ఈజీ. ఇంతకాలం ఒక కాలు ఆనకుండానే నొక్కుతున్నానన్నమాట.

---

స్ప్లెండర్_మాస్టారు | సోమవారం, రాత్రి 9:15

శుభం తల్లీ. దించేటప్పుడు ముందు సైడ్ స్టాండ్ తెరిచి పెట్టుకో, ఆ తర్వాతే ముందుకి తొయ్యి. బండి చేయి జారినా దాని మీద పడుతుంది.

మెయిన్ స్టాండ్ ఉన్నవాళ్లకి ముందు చక్రం లేపడం కూడా తేలికే. బండి స్టాండ్ మీద ఉండగా వెనక సీటు మీద ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తా పెట్టి తాడు కట్టేస్తాను. ముక్కు లేస్తుంది. అప్పుడు ఇంజిన్ ముందు భాగంలో ఫ్రేమ్ గొట్టం కింద చెక్క దిమ్మలు పేర్చి, బరువు వాటి మీద ఆనిందో లేదో చూసుకుని, అప్పుడు యాక్సిల్ మీద చేయి వేస్తాను. కొందరు బస్తా బదులు పిల్లాడిని వెనక కూర్చోబెడతారు. వాడికి ఫోన్ మోగుతుంది, దిగిపోతాడు.

ఇంకొకటి. బిగుతుగా ఉన్న నట్లన్నీ బండి నేల మీద ఉండగానే ఒక పట్టు వదులు చేసుకోవాలి. లేపాక యాక్సిల్ నట్టు మీద పొడుగు పానా వేసి వేలాడితే బండి స్టాండ్ దిగి వచ్చేస్తుంది. బిగించేటప్పుడూ అంతే, ఆఖరి బిగుతు నేల మీద.

---

ఉప్పల్_ఎన్‌ఎస్ | మంగళవారం, ఉదయం 7:30

ఇవన్నీ చదివాక ప్యాడాక్ స్టాండ్, అదే వెనక చక్రాన్ని లేపి నిలబెట్టే విడి స్టాండ్, కొందామని డిసైడయ్యా. ఎల్ ఆకారం పట్టీలు ఉన్నదా, కొక్కేలు ఉన్నదా? ఇంకో విషయం, చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ కూర్చోవడం విసుగు. స్టాండ్ వచ్చాక ఇంజిన్ స్టార్ట్ చేసి ఫస్ట్ గేర్‌లో వదిలేస్తే చైన్ దానంతటదే తిరుగుతుంది కదా, లూబ్ కొట్టడం ఈజీ?

---

నల్లమల_రైడర్ | మంగళవారం, ఉదయం 7:41

వద్దు. ఎప్పటికీ వద్దు.

మా పెద్దమ్మ కొడుకు మెయిన్ స్టాండ్ మీద బండి ఆన్ చేసి, గేర్ వేసి, పాత బనీను గుడ్డతో చైన్ తుడిచేవాడు. ఏళ్ల తరబడి అలాగే చేశాడు. ఒక రోజు గుడ్డ దారం వెనక పళ్ల చక్రానికి చిక్కింది. గుడ్డతో పాటు చెయ్యి వెళ్లింది. చూపుడు వేలు, మధ్య వేలు మొదటి కణుపు దాకా పోయాయి. నేను పక్కనే పళ్లెంలో కిరోసిన్ పట్టుకుని ఉన్నా. శబ్దం కూడా రాలేదు. వాడు గుడ్డ కోసం చూస్తున్నాడు, ఏం జరిగిందో వాడికి ఇంకా తెలియలేదు.

ఐడిల్‌లో నెమ్మదిగా తిరుగుతోంది కదా అనుకుంటాం. చైన్‌కి నెమ్మది లేదు. ఇంజిన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, న్యూట్రల్‌లో చక్రాన్ని చేత్తో తిప్పుకో. తిప్పేటప్పుడు తుడవకు, తుడిచేటప్పుడు తిప్పకు.

---

ఉప్పల్_ఎన్‌ఎస్ | మంగళవారం, ఉదయం 7:50

ఒళ్లు జలదరించింది అన్నా. ఆ ఆలోచన మానేశా.

---

ఆటోనగర్_బాబాయ్ | మంగళవారం, రాత్రి 9:45

నల్లమల తమ్ముడు రాసిన దాని మీద నేను కలపాల్సింది లేదు.

స్టాండ్ సంగతి. స్వింగ్ ఆర్మ్‌కి, అదే వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేతికి, వెనకవైపు బోల్టు రంధ్రం ఉంటే బొంగరం బుడిపెలు (బాబిన్లు) బిగించి కొక్కేల స్టాండ్ వాడు, అది జారదు. రంధ్రం లేకపోతే ఎల్ పట్టీలదే దిక్కు. దాని రబ్బరు తొడుగు చిరిగిందేమో ప్రతిసారీ చూడు, పెయింట్ మీద ఇనుము జారుతుంది. రెండు పట్టీల మధ్య వెడల్పు నీ స్వింగ్ ఆర్మ్‌కి సరిపోయేలా ముందే సెట్ చేసి బోల్టులు బిగించుకో.

మొదటి నాలుగైదు సార్లు ఇంకో మనిషిని పిలువు. సైడ్ స్టాండ్ తెరిచే ఉంచి, అతన్ని బండి నిటారుగా పట్టుకోమను. న్యూట్రల్‌లో ఉంచు, లేచేటప్పుడు బండి ఓ అంగుళం వెనక్కి జరుగుతుంది, గేర్‌లో ఉంటే జరగనివ్వదు. రెండు వైపులా పట్టీ సమానంగా ఆనిందా అని వంగి చూడు. అప్పుడు స్టాండ్ పిడిని తిన్నగా కిందకి నొక్కు, పక్కకి లాగకు. లేచాక ముందు బ్రేక్ కట్టేయి.

ముందు చక్రం కూడా లేపాలంటే ఎప్పుడూ వెనకది ముందు, ముందుది తర్వాత. దించేటప్పుడు తిరగేసి. ముందు చక్రం లేపే స్టాండ్ ఫోర్కు అడుగున ఆనేదైతే, దాని మీద బండి ఉంచి ఫోర్కు విప్పకు, నువ్వు విప్పేదే బండిని మోస్తోంది. ఆ పని షెడ్డుకి తీసుకురా.

పడుతుంటే మాత్రం పట్టుకోకు. ఆ బండి నూట యాభై కిలోల పైమాటే. వదిలేసి వెనక్కి దూకు. లివర్ ధర నీ మోకాలి ఆపరేషన్ ధరలో పైసా వంతు కాదు.

---

చక్రం_తిప్పేవాడు | మంగళవారం, రాత్రి 10:20

సరే, ఒప్పుకుంటా. నేను కూడా లింక్ చూస్తున్నా స్టాండ్‌కి.

కానీ ఒక్క మాట, కేవలం లూబ్ కోసమైతే బండి లేపాల్సిన పనే లేదు. సైడ్ స్టాండ్ మీద ఉంచి కనిపించే ముక్కకి కొట్టు, బండిని రెండడుగులు నెట్టు, మళ్లీ కొట్టు. చైన్ మీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టుకుంటే ఎక్కడ మొదలుపెట్టావో తెలుస్తుంది. చక్రం మూడు చుట్లు తిరిగేలోపు చైన్ మొత్తం వచ్చేస్తుంది, అంటే ఆరు మీటర్ల లోపు. పార్కింగ్‌లో అటు చివర నుంచి ఇటు చివరకి వస్తే అయిపోయింది.

---

స్ప్లెండర్_మాస్టారు | బుధవారం, ఉదయం 6:15

ఈ చర్చ మొత్తంలో నువ్వు చెప్పిన అత్యుత్తమ విషయం ఇదే నాయనా. మొదటి రోజే చెప్పి ఉంటే అద్దం మిగిలేది.

---

ఉప్పల్_ఎన్‌ఎస్ | ఆదివారం, మధ్యాహ్నం 12:40

వారం తర్వాత అప్‌డేట్. స్టాండ్ వచ్చింది, ఎల్ పట్టీలది. మా బావని పిలిచా. నేల వాలు ఎటు ఉందో చూడటానికి మగ్గుతో నీళ్లు పోశా, పిల్లర్ వైపుకి పారాయి. అందుకే బండి ముక్కు ఎత్తు వైపుకి తిప్పి పెట్టా. కింద ప్లైవుడ్. మొదటిసారి ఎడమ పట్టీ ఆనింది, కుడిది ఆనలేదు, బండి కొద్దిగా ఒరిగే ఉంది. బావ నిటారు చేశాక రెండూ ఆనాయి. పిడి నొక్కితే బరువే తెలియలేదు, అంత తేలిగ్గా లేచింది. చక్రం కింద వేలు దూరేంత సందు. మొన్న ఆ నాలుగు చుట్లు ఎందుకు తిప్పానో ఇప్పటికీ తెలియదు, పనికి ఇంత చాలు.

బ్రేక్‌కి ట్యూబ్ ముక్క కట్టా. తాళం బావ జేబులో. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, లూబ్ కొట్టా. మొత్తం నలభై నిమిషాలు.

దించి చేతులు కడుక్కుంటుంటే మా వాచ్‌మన్ తాత తన టీవీఎస్ ఎక్సెల్ నెట్టుకుంటూ వచ్చాడు, ‘దీన్ని కూడా కొంచెం లేపు బాబూ’ అని. దానికి మెయిన్ స్టాండ్ ఉంటుంది కదా తాతా అన్నా. అది విరిగి రెండేళ్లయిందట. ఇన్నాళ్లూ గోడకి ఆనించే పెడుతున్నాడట.

బాబాయ్, ఎక్సెల్‌కి ఈ స్టాండ్ పట్టదు. ఏం చెయ్యను?

---

ఆటోనగర్_బాబాయ్ | ఆదివారం, రాత్రి 9:10

దాన్ని లేపొద్దు. కొత్త స్టాండూ స్ప్రింగూ మీ దగ్గర్లో ఏ స్పేర్ పార్ట్స్ షాపులోనైనా దొరుకుతాయి. తాతని బండి పక్కకి ఒరిగించి పట్టుకోమను, పిన్ను కొట్టి నువ్వే వెయ్యి. స్ప్రింగు తగిలించేటప్పుడు ముఖం దూరంగా పెట్టు.

పెట్రోల్ ట్యాంకు మూత గట్టిగా ఉందో లేదో ఒరిగించే ముందు చూసుకో.

---

ఉప్పల్_ఎన్‌ఎస్ | ఆదివారం, రాత్రి 9:18

మూత కూడా లేదు బాబాయ్. గుడ్డ కుక్కి ఉంది.